చీపురు కాపలా

ఫిన్లాండు పల్లెల్లో ఒక పాత అలవాటు ఉంది. ఇంట్లో ఎవరూ లేకపోతే వీధితలుపుకు ఒక చీపురు ఆనించి వెళతారు. చీపురు దొరక్కపోతే కర్ర అయినా సరే. దారిన వచ్చినవాడు దాన్ని చూసి, "ఓహో, ఇంటివారు లేరు కాబోలు" అనుకుని వెనక్కి తిరిగిపోవాలి. అంతే. వేసిన తాళాన్ని రెండుసార్లు లాగి చూసుకుని, తీరా బస్సు ఎక్కాక "వేశామా, లేదా?" అని బెంగపడే మనకు ఇది నమ్మబుద్ధి కాదు. ఈ రోజుల్లో వారూ తాళాలు వేస్తూనే ఉన్నారనుకోండి. అయినా సరస్సుల ఒడ్డున ఉండే వేసవి ఇళ్ళ దగ్గర ఈ చీపురు మర్యాద ఇంకా అక్కడక్కడా కనబడుతూనే ఉంది.

ఆ వేసవి ఇళ్ళను, చలికాలం వచ్చేముందు, ఎలా మూస్తారో చూసే అవకాశం నాకు 2023 అక్టోబరులో కలిగింది. హెల్సింకీ పక్కనున్న ఎస్పోలో మన తెలుగు ఇంజనీర్ల కుటుంబాలు చాలా ఉన్నాయి. మా అబ్బాయిదీ అందులో ఒకటి. వాడితో పనిచేసే ఒకాయన, "మీ అమ్మగారిని కూడా తీసుకురండి. ఇల్లు మూసే పనికి చేతులు ఎన్నున్నా చాలవు" అన్నాడు. అతిథిని పనికి పిలవడమేమిటని మా కోడలు నవ్వింది. కాని అక్కడ అది గౌరవమేనట. నలుగురూ కలిసి కూలి లేకుండా ఒకరి పని చేసిపెట్టి, చివర ఇంటివారు పెట్టింది తిని పోవడానికి వారి భాషలో 'తల్కోత్' అని ఒక మాటే ఉంది.

ఈ వేసవి ఇంటిని వారు 'మొక్కి' అంటారు. బంగళా అనుకునేరు! చాలా వాటికి ఒకటి రెండు గదులే. చెక్క గోడలు, కట్టెల పొయ్యి, కాస్త ఎడంగా మరుగుదొడ్డి, నీళ్ళ ఒడ్డున ఆవిరిస్నానాల గది. ఆ గదినే సౌనా అంటారు. నీళ్ళు చేదుకోవలసిందే, కట్టెలు కొట్టుకోవలసిందే. పట్నంలో అన్ని సుఖాలూ ఉన్నవారు, వేసవి రాగానే ఈ కష్టం కోసం పరుగెత్తుకు వెళతారు. దేశ జనాభా 56 లక్షలైతే ఇలాంటి ఇళ్ళు 5 లక్షలకు పైమాటే. సరస్సులకు మటుకు కొదవలేదు. 500 చదరపు మీటర్లకు తక్కువ కానివి లెక్కవేస్తే 1,87,888 తేలాయి.

ఈ ఇళ్ళన్నీ పాతవి కావు. 1970లో వీటి సంఖ్య సుమారు 1,76,000. ఆ రోజుల్లోనే పల్లెల్లోని జనం పొలాలు వదిలి ఫ్యాక్టరీలకూ, ఆఫీసులకూ తరలిపోయారు. పట్నంలో కుదురుకున్నాక, వదిలివచ్చిన పల్లె మీద మనసు పీకి, సరస్సు గట్టున చిన్న జాగా కొనుక్కుని తమ చేతులతో కట్టుకున్న ఇళ్ళే వీటిలో ఎక్కువ. అంచేత వాటి యజమానులు ఇప్పుడు పెద్దవాళ్ళయ్యారు. సగటు వయసు 60 దాటింది. ఈ మాట గుర్తుంచుకోండి, మళ్ళీ పనికివస్తుంది.

మేము వెళ్ళింది పైయాన్నె సరస్సుకు. ఆ దేశంలోకెల్లా లోతైన సరస్సు అది. ఒకచోట 95 మీటర్ల లోతు ఉంది. హెల్సింకీలో కొళాయి తిప్పితే వచ్చేవి ఈ నీళ్ళే. బండరాతిలో 120 కిలోమీటర్ల సొరంగం తొలిచి, 1982 నుంచి రాజధానికి తీసుకుపోతున్నారు. ఎస్పోలో రోజూ తాగుతున్న నీళ్ళ పుట్టిల్లు చూడబోతున్నామని మా మనవడు దారి పొడుగునా అందరికీ చెప్పాడు.

అక్టోబరు నడుమ అక్కడ బడులకు శరదృతువు సెలవులు ఇస్తారు. చాలామంది ఇళ్ళు మూసేది అప్పుడే. భూర్జవృక్షాలు పసుపు ముద్దలై, ఒక్క గాలి విసురుకు ఆకులన్నీ రాల్చేస్తున్నాయి. సాయంకాలం ఆరు కొట్టేసరికి చీకటి. ఇక డిసెంబరుకల్లా పగలు ఆరు గంటలైనా ఉండదు. గట్టున పిహ్లయా అనే చెట్టు ఒకటి ఎర్రటి గుత్తులతో విరగకాసి ఉంది. ఆ చెట్టు రెండు బరువులు మొయ్యదని వారి సామెత. కొమ్మల నిండా కాయలుంటే ఆ చలికాలం మంచు బరువు తక్కువన్నమాట. మన 'ఆరుద్ర కురిస్తే దారిద్ర్యం లేదు' లాంటిదే. నిజమవుతుందో లేదో గాని, కాయలకేసి చూడకుండా గుమ్మం దాటే మనిషి ఆ ఊళ్ళో కనబడలేదు.

మూసే పనిలో సగం పని నీటితో పోరాటమే. నీరు గడ్డకట్టినప్పుడు నూటికి తొమ్మిది వంతుల చొప్పున పొంగుతుంది. ఫ్రిజ్జులో పైగదిలో నీళ్ళసీసా మరిచిపోయి పగలగొట్టుకున్న ఇల్లాళ్ళకు ఈ సంగతి చెప్పనక్కరలేదు. ఆ పని ఇల్లంతటా జరిగితే? గొట్టంలో చెంబెడు నీళ్ళు మిగిలినా చాలు, ఇనుమైనా చీలిపోవలసిందే. అది చీలినట్టు అప్పుడు తెలియదు. ఏప్రిల్లోనో మే నెలలోనో మంచు కరిగి, పంపు వేసిన రోజున గోడలోంచి జలధార వస్తుంది. అందుకని సరస్సులోంచి పంపు పైకి లాగారు. గొట్టాన్ని చెట్టుకొమ్మకు వేలాడదీశారు. కొళాయిలన్నీ తెరిచి అలాగే వదిలేశారు. సౌనాలో నీళ్ళు కాగే పెద్ద కాగును బోర్లించి, తుడిచి, అడుగున చెయ్యి పెట్టి చూశారు. "తడి తగిలితే ఇంకొకసారి" అన్నాడు ఇంటాయన. పిల్లలు ఉడికించిన చెరకు రసపు కాగు తుడిచినట్టు తుడిచారు.

తరువాత చెక్క రేవు. ఇంటిల్లిపాదీ దిగి స్నానం చేసేది, పడవ కట్టేది దాని మీదే. చలికాలం చివరికి సరస్సు మీద మంచుగడ్డ అరమీటరు మందం ఏర్పడుతుంది. అది వ్యాకోచిస్తూ, నీటిమట్టంతో పాటు లేస్తూ దిగుతూ, పాతిన గుంజలను పంటిని పీకినట్టు పీకేస్తుంది. ఆరుగురం తాళ్ళు పట్టుకుని రేవును గట్టెక్కించేసరికి చేతులు కందిపోయాయి. పడవను వరదనీరు అందనంత ఎత్తున దుంగల మీద బోర్లించారు. తెడ్లు ఇంటి వసారాలోకి చేరాయి.

ఇక్కడొక వింత. గాలి అంత చల్లగా ఉన్నా నీళ్ళలో చెయ్యి పెడితే మరీ అంత చల్లగా లేవు. నీరు 4 డిగ్రీల దగ్గర అన్నిటికంటె బరువుగా ఉంటుందట. పైనీరు చల్లబడి కిందికి దిగుతూ, కిందినీరు పైకి వస్తూ, సరస్సంతా ఒకసారి కలియబెట్టినట్టు తిరగబడుతుంది. మొత్తం 4 డిగ్రీలకు వచ్చాక గాని పైపొర ఇంకా చల్లబడి గడ్డకట్టదు. పెద్ద సరస్సు నడిభాగం గడ్డకట్టేసరికి ఒక్కొక్క ఏడు క్రిస్మసు దాటుతుంది. ఆ గడ్డ కింద చేపలు 4 డిగ్రీల నీటిలో నిశ్చింతగా ఉంటాయి. మనుషులకే ఈ హడావిడి అంతా.

లోపలి పని ఆడవాళ్ళది అనుకుంటే పొరపాటు. అక్కడ అలాంటి పంపకం లేదు. ఇంటాయన పరుపులు నిలబెడుతుంటే, ఆయన భార్య కప్పు మీదికెక్కి వానదోనెల్లో ఆకులు తీసిపారేసింది. లోపల అసలు శత్రువు ఎలుక. చలి పడగానే పొలాల ఎలుకలు వెచ్చదనం వెతుక్కుంటూ వస్తాయి. పిండి, పప్పు మాత్రమే కాదు, సబ్బూ కొవ్వొత్తీ కూడా వాటికి విందే. అవన్నీ రేకు డబ్బాల్లోకి చేరాయి. దుప్పట్లు కిందికి వేలాడకుండా తీగ మీద మడతవేశారు. మెయిన్ స్విచ్చి ఆపి, ఫ్రిజ్జు తలుపు తెరిచి, మూసుకుపోకుండా గుడ్డ కుక్కారు. ఆపిల్ మొక్కల మొదళ్ళకు ఇనపజల్లెడ చుట్టారు. లేకపోతే కుందేళ్ళు బెరడు ఒలిచేస్తాయట. పక్షులకు కట్టిన చెక్కగూళ్ళు దింపి పాతగడ్డి దులిపారు. మరుగుదొడ్డి తొట్టి శుభ్రం చేసి రంపపుపొట్టు చల్లడం ఇంటాయన ఎవ్వరికీ వదలలేదు. అది యజమాని పనిట!

అన్నిటికంటె నాకు నచ్చింది చివరి పని. పొయ్యి పక్కన ఎండుకట్టెలు పేర్చి, చితుకులు, భూర్జ బెరడు, అగ్గిపెట్టె సిద్ధంగా పెట్టి వస్తారు. మళ్ళీ ఆరునెలలకు వచ్చేది తామే అయినా సరే, చలిలో వణుకుతూ వచ్చినవాడు కట్టెకోసం బయటికి పోకూడదు. ఉత్తరాన అడవుల్లో బాటసారులకు తెరిచి ఉంచే గుడిసెలున్నాయి. అక్కడ ఇది ధర్మం. పైగా ఆ గుడిసెలు నిండిపోతే, ఆఖరున వచ్చినవాడిదే మొదటి హక్కు. ముందువచ్చినవాడు అప్పటికే ఒళ్ళు వెచ్చచేసుకున్నాడు గనుక, లేచి దారి చూసుకోవాలి. మన రైలుపెట్టెల్లో ఈ న్యాయం చెప్పి చూడండి!

ఇక ఇరుగుపొరుగుల సంగతి. ఆ దేశస్థులు ముక్తసరి మనుషులు. పని లేనిదే పక్కవారి గుమ్మం తొక్కరు. వేసవంతా పడవల్లో ఎదురుపడితే చెయ్యి ఊపుకోవడమే మాటల కింద లెక్క. అందుకే ఇల్లు మూసే రోజులకు వారు చిన్నచిన్న పనులు దాచుకుంటారని నా అనుమానం. ఎరువు తెచ్చిన నిచ్చెన జూన్లోనే ఇచ్చివెయ్యవచ్చు. కాని అక్టోబరు దాకా ఉంచి, ఆ రోజు నలుగురు కలిసి మోసుకుపోతారు. నిచ్చెన ఇచ్చిన వెంటనే తిరిగివస్తే బాగుండదు గనుక కాఫీకి కూర్చోవలసి వస్తుంది. కాఫీతో 'పుల్ల' పెడతారు. కంగారుపడకండి, మెత్తటి తియ్యరొట్టె అది. కొరికితే గుప్పున ఏలకుల వాసన! మన పాయసంలో పడే ఏలకులు ఆ చలిదేశంలో ప్రతి వంటింటి రొట్టెలోనూ ఎలా స్థిరపడ్డాయో గాని, నాకు మటుకు పుట్టింటివాళ్ళు కనిపించినట్టయింది.

ఒక ఇంట్లో కాఫీ అయ్యాక సీసాడు ఎర్రపళ్ళు ఇచ్చారు. పువోలుక్క అంటారు. శనగగింజంత ఉండి, మన వాక్కాయలాగా పులుపుతో పాటు వగరు. అడవి ఎవరిదైనా పళ్ళూ పుట్టగొడుగులూ ఎవరైనా కోసుకోవచ్చు, ఇంటి పెరట్లోకి మాత్రం పోరాదు. ఆ పండు సుఖం ఏమిటంటే, ఉప్పూ అక్కరలేదు, పాకమూ అక్కరలేదు. దానిలో సహజంగా బెంజోయిక్ ఆమ్లం ఉండడంచేత ఉత్తగా నలిపి చల్లని చోట పెడితే నెలల తరబడి పాడవదు. ఊరగాయల దేశం నుంచి వెళ్ళిన నాకు కొంచెం అసూయ కలిగింది.

అసలు చూడవలసిన ఇల్లు అఖాతానికి ఆవలి గట్టున ఉంది. ఏడాది పొడుగునా అక్కడే ఉండే ఒక రైతుకుటుంబపు ముసలావిడది. అందరూ ఆవిడను మమ్మో అంటారు. మన మామ్మే! ఎనభయ్యో ఏడు. భర్త పోయాక ఒక్కర్తే ఉంటోంది. ఆవిడ వంటింటి గోడకు ఒక పలక ఉంది. పలకకు ఏడు మేకులు, మేకులకు ఏడు తాళంచెవులు, ఒక్కొక్క దానికీ ఒక్కొక్క రంగు చెక్కముక్క. చుట్టుపక్కల ఏడు వేసవి ఇళ్ళకు చలికాలమంతా ఆవిడే దిక్కు. తుపానులో చెట్టు కూలిందా, కప్పు మీద మంచు మూరెడు దాటిందా, పొగగొట్టం ఒరిగిందా, వారానికి ఒకసారి మంచుచెక్కల మీద జారుతూ పోయి చూసి ఫోను చేస్తుంది. ఇందుకు ఆవిడ పుచ్చుకునేది క్రిస్మసుకు ఒక కాఫీపొట్లం.

ఆ సంవత్సరం ఆవిడ ఇంటికి ఏడు కుటుంబాలవారూ వెళ్ళివస్తున్నారు. ఎవరూ అసలు మాట ఎత్తరు. సంగతేమిటంటే, చలికాలం పట్నంలో తమ దగ్గర ఉండమని ఆవిడ పిల్లలు పోరుతున్నారు. మోకాళ్ళు సరిగా లేవు, ఆస్పత్రి దూరం. పిల్లల మాటలో తప్పు లేదు. కాని ఆవిడ వెళ్ళిపోతే ఏడిళ్ళూ చూసేదెవరు? తాళాలు, గొళ్ళేలు అన్నీ ఉత్తవే గదా. కప్పు మీద మంచు కిలోలు కాదు, టన్నులు. దించేవాడు లేకపోతే వాసాలు విరుగుతాయి.

ముసలితనం ఇలాంటి ఇళ్ళ చేత ఎందరి చేతో సెలవు పుచ్చుకొనేలా చేసింది. మూమిన్ కథలు రాసిన తూవె యాన్సన్, తన సహచరి, చిత్రకారిణి తూలిక్కి పియెతిలాతో కలిసి 1964-65లో సముద్రం మధ్య బండ మీద ఒంటిగది ఇల్లు కట్టుకుంది. పాతికేళ్ళకు పైగా వేసవులన్నీ అక్కడే. వలలు లాగలేక, ఎన్నడూ లేనిది సముద్రమంటే భయం పుట్టి, 1990ల ఆరంభంలో ఇద్దరూ దాన్ని వదిలివచ్చారు. అంత పేరుగలవారికీ తప్పలేదు.

మమ్మో మాత్రం మాకు కాఫీ పోస్తూ తన ప్రశ్న తను వేసింది. మా కోడలు నాకు చెప్పింది: "అత్తయ్యగారూ, మన ఊళ్ళో నీళ్ళు గడ్డకట్టవు కదా, మరి ఇల్లు మూసేటప్పుడు ఏం చేస్తారూ అని అడుగుతున్నారు."

"పక్కింటివారికి తాళంచెవి ఇచ్చి, తులసికోటలో రోజూ చెంబెడు నీళ్ళు పొయ్యమంటామని చెప్పమ్మా" అన్నాను.

ఆవిడ తల పంకించింది. "పక్కింటివారు లేకపోతే?" అంది. నా దగ్గర జవాబు లేదు.

కాసేపటికి ఆవిడే తన తల్లి సంగతి ఎత్తింది. ఆ తల్లి కరేలియా ప్రాంతం మనిషి. యుద్ధంలో ఆ ప్రాంతం సోవియట్ యూనియనుకు పోయినప్పుడు 4 లక్షలకు పైగా జనం ఇళ్ళు వదిలి వచ్చేశారు. 1940లో ఒకసారి, మధ్యలో తిరిగివెళ్ళి, 1944లో మళ్ళీ. రెండవసారి వచ్చేటప్పటికి మమ్మో చంకలో పిల్ల. బండి గుమ్మంలో నిలబడి ఉండగా ఆ తల్లి నేల కడిగి, ఊడ్చి, పొయ్యి పక్కన కట్టెలు పెట్టి వచ్చిందట. రాబోయేది ఎవరో ఆమెకు తెలియదు. తాము మాత్రం తిరిగి రామని తెలుసు. "ఎందుకు కడిగావని అడిగితే, మురికి ఇల్లు వదిలి పోతామా అనేది" అంది మమ్మో. ఆ తరం ఆడవాళ్ళు ఇలా నేలలు కడిగి వచ్చిన కథలు ఆ దేశంలో ఇంకా చాలా వినబడతాయి.

అప్పుడు తలుపు తోసుకుని ఒక కుర్రవాడు వచ్చాడు. ఆ ఊరి రోడ్ల మీద మంచు తోసే ట్రాక్టరు అతనిది. చేతిలో గంపెడు ముయిక్కు చేపలు. జానెడు పొడుగుండే వెండిరంగు చేపలవి. అవి గుడ్లు పెట్టే కాలం అదే. మమ్మో చేపలు పుచ్చుకుంది. కుర్రవాణ్ణి కూర్చోమని, గోడ మీది పలకను మేకులతో సహా ఊడదీసి బల్ల మీద పెట్టింది. ఒక్కొక్క చెవీ తీసి చెప్పడం మొదలెట్టింది. ఎర్రచెక్క వారి తలుపు కిందనుంచి ఎత్తి తొయ్యాలి. నీలంచెక్క వారి కప్పు ఉత్తరపువైపు బలహీనం, మంచు ముందు అటు దించాలి. పసుపుచెక్క వారు ఫోను తియ్యరు, ఉత్తరం రాయాలి. అతను బుద్ధిగా సెల్‌ఫోనులో రాసుకుంటున్నాడు. మా ఇంటాయన కిటికీవైపు తిరిగి సరస్సును చూస్తూ నిలబడిపోయాడు.

ఏడు చెవులూ అయ్యాక మమ్మో ఇంకొకటి తీసి ఆగింది. అది తన ఇంటిదే. "ఇది గడ్డకట్టాక ఇస్తాను" అంది.

ఆ రాత్రి చివరిసారి సౌనా వేడిచేశారు. ఈ స్నానపద్ధతిని యునెస్కో 2020లో మానవజాతి సంప్రదాయాల జాబితాలో చేర్చింది. నా వయసులో ఆ వేడి మనకెందుకని నేను బయటే కూర్చున్నాను. అందరూ అయ్యాక బల్లలు ఎత్తి ఆరబెట్టి, మిగిలిన వేడికి గది ఎండేదాకా తలుపు తెరిచి ఉంచారు. తెల్లవారి ఎస్పోకు వచ్చేశాం.

ఆ సంవత్సరం చలి తొందరగా వచ్చింది. నవంబరు చివర మమ్మో తాళంచెవి ఇచ్చి పట్నం వెళ్ళిందని తెలిసింది. 2024 ఫిబ్రవరిలో ఇంటాయనకు ట్రాక్టరు కుర్రవాడి ఫోను వచ్చింది. కప్పు మీద మంచు దించానన్నాడు. పొగగొట్టం బాగుందన్నాడు. ముందుగదిలో ఒక ఎలుక పడిందన్నాడు. ఇంకో మాట కూడా చెప్పాడు. మమ్మో ప్రతి ఆదివారం పొద్దున్నే తనకు ఫోను చేసి, ఏడిళ్ళ సంగతీ వరసగా అడుగుతోందట. పోయినవారం నీలంచెక్క వారి కప్పు మరిచిపోతే చీవాట్లు పెట్టిందట.